ఫిజిక్స్ టీచర్లు పరీక్షల జోలికి రాకూడదా?

‘ప్రామాణిక సైన్స్ పరీక్షలు బట్టీని తప్ప దేన్నీ కొలవలేవు. ప్రశ్నల తయారీ గణాంక నిపుణుల పని. ఫిజిక్స్ పాఠాలు చెప్పేవాళ్లు తలదూరిస్తే పేపరు తేలికైపోతుంది.’ ఈ మాట చాలామంది పంచుకుంటున్నారు. ఇందులో మూడు వాదనలున్నాయి, మూడూ నిలవవు.

బట్టీ సంగతి ముందు. 1992లో అమెరికాలో ఫిజిక్స్ పాఠాలు చెప్పే డేవిడ్ హెస్టెనెస్, మాల్కమ్ వెల్స్, గ్రెగ్ స్వాక్‌హామర్ కలిసి ‘ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ’ అనే పరీక్షను ప్రచురించారు. అన్నీ ఆప్షన్ల ప్రశ్నలే. లెక్కలుండవు, సూత్రాలు గుర్తుండాల్సిన పనీ లేదు. అడిగే తీరు ఇలా ఉంటుంది: బంతిని నిలువుగా పైకి విసిరారు. చేతిని వదిలాక, ఇంకా పైకి వెళ్తుండగా దాని మీద ఏ బలం పనిచేస్తోంది? గాలిని పక్కన పెడితే గురుత్వాకర్షణ ఒక్కటే. కానీ ‘విసిరిన బలం ఇంకా ఉంది, మెల్లగా తగ్గుతోంది’ అన్న ఆప్షన్ చాలామందిని లాగేస్తుంది. అది ఖాళీ నింపడానికి పెట్టింది కాదు, విద్యార్థులు సొంత మాటల్లో ఇచ్చిన జవాబుల్లోంచి ఏరింది. న్యూటన్ నియమాలు గడగడా అప్పజెప్పేవాళ్లూ ఇక్కడ బోల్తా పడతారు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ దీనికి ముందు వచ్చిన ఇలాంటి పరీక్షే పెడితే, మీరు చెప్పినట్టు రాయాలా, నేను మామూలుగా అనుకునేట్టు రాయాలా అని ఒక విద్యార్థిని అడిగిందట. బట్టీ పరీక్షలో ఆ సందేహమే రాదు.

ఇక గణాంకాలు. బాగా చదివేవాళ్లే ఒక ప్రశ్నలో ఎక్కువగా తప్పుతున్నారని అవి పట్టిస్తాయి. ఎందుకో చెప్పవు. బరువైన బంతి, తేలికైన బంతి ఒకే ఎత్తు నుంచి వదిలితే ఏది ముందు పడుతుందని అడిగి, గాలి నిరోధం ఉందో లేదో రాయకపోతే, లోతుగా ఆలోచించిన పిల్లవాడికే మార్కు పోతుంది. ఆ లోపం పాఠం చెప్పినవాళ్ల కంటికి వెంటనే ఆనుతుంది.

పేపరు తేలికవుతుందన్నది మరీ వింత. 1998లో ఫిజిక్స్ ప్రొఫెసర్ రిచర్డ్ హేక్, ఈ పరీక్షలోనూ దీనికి ముందు వచ్చిన పరీక్షలోనూ ఆరు వేల మందికి పైగా విద్యార్థులు తెచ్చుకున్న ఫలితాలను ప్రచురించారు. మామూలు ఉపన్యాస తరగతుల్లో, కోర్సుకు ముందు రాని మార్కుల్లో తర్వాత సంపాదించుకున్నది సగటున 23 శాతమే. ఒక్క లెక్కా లేని పేపరు మరి!

అలాగని ఆ పరీక్షకు మచ్చ లేదనను. ప్రయోగం చేసే నేర్పు దానికి అందదు. కొన్ని ప్రశ్నలు అమ్మాయిలకు అన్యాయం చేస్తున్నాయని 2018లో ఒక పరిశోధన చూపింది. చేసినవాళ్లు ఫిజిక్స్ బోధన మీద పనిచేసేవాళ్లే.