డబ్బా మాహాత్మ్యం

నాన్నగారు రెండు హెచ్.ఎం.టి. వాచీలు వదిలి వెళ్లారు. ఒకటి నా చేతికి ఉంది. రెండోది, పదిహేడు రాళ్ల (యంత్రం అరగకుండా లోపల బిగించే రాళ్లు) జనతా మోడల్, సొరుగులో పడుకుని ఉంది. కీ ఇస్తే ఇప్పటికీ మాట వింటుంది. వాడని వస్తువు ఇంట్లో ఎందుకని అమ్మకానికి పెట్టాను. మొదటి ఫోను మలక్‌పేట నుంచి వచ్చింది. పాత వాచీలు సేకరించే పెద్దమనిషి. టైము సరిగ్గా చూపిస్తుందా అని ఆయన అడగలేదు. అద్దం మీద గీతలున్నాయా, లోపల తేమ చేరిందా అని కూడా అడగలేదు. గొంతు సవరించుకుని, పెళ్లిచూపుల్లో గోత్రం అడిగినట్టు అడిగారు: “డబ్బా ఉందా అండీ?”

లేదన్నాను. అవతల కాసేపు నిశ్శబ్దం. పరామర్శకు వచ్చినవారు కుర్చీలో కూర్చున్నాక పాటించే నిశ్శబ్దం. “అయ్యో” అన్నారు. ఆ తర్వాత నేను చెప్పిన ధరలో సగం చెప్పారు.

ఆ పూట నాకు జ్ఞానోదయమైంది. సేకరణ వస్తువులకు, కొన్నప్పుడు వాటితో వచ్చిన డబ్బా ముఖ్యమా కాదా అని లోకం ఇంకా తర్కించుకుంటోంది. ఇందులో తర్కానికి తావే లేదని బాధ్యత గల పౌరుడిగా ప్రకటిస్తున్నాను. డబ్బాయే ముఖ్యం. వస్తువు అనేది డబ్బా నలిగిపోకుండా లోపల కూరిన గడ్డి.

ముందు న్యాయమైన సంగతి ఒకటి ఒప్పుకుందాం. ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌కు పాత ఫోను పట్టుకెళ్తే మొదటి ప్రశ్న “బిల్లు, బాక్సు ఉన్నాయా?” ఆ ప్రశ్నకు అర్థం ఉంది. ఫోనుకుండే పదిహేను అంకెల ఐఎంఇఐ సంఖ్య డబ్బా మీద కూడా అచ్చై ఉంటుంది. రెండూ కలిస్తే, ఫోను ఎవరి జేబులోంచో రాలేదని కొంత ధైర్యం. అక్కడ డబ్బా సాక్షి. నా ఫిర్యాదల్లా, సాక్షిగా బోనెక్కినవాడు మెల్లగా న్యాయమూర్తి కుర్చీలోకి ఎలా చేరాడన్నదే. ఫిర్యాదు అన్నానా? పొరపాటు. ఆశ్చర్యం.

ఎలా చేరాడో అమెరికాను చూస్తే తెలుస్తుంది. 1977లో ‘స్టార్ వార్స్’ సినిమా విరగబడి ఆడింది. ఆ బొమ్మలు చేసే హక్కు కెన్నర్ అనే కంపెనీ దగ్గర ఉంది. క్రిస్మస్ ముంచుకొచ్చింది, బొమ్మలు తయారుకాలేదు. మామూలు వ్యాపారి అయితే తల పట్టుకునేవాడు. కెన్నర్ వాళ్లు అట్టకవరు అమ్మారు. అందులో ఒక అట్ట, కొన్ని స్టిక్కర్లు, సభ్యత్వ కార్డు, బొమ్మలు తర్వాత పోస్టులో పంపుతామనే పత్రం. నాలుగు బొమ్మలు మరుసటి ఏడాది వచ్చాయి. పండుగ పూట పిల్లలు ఆడుకున్నది మాత్రం ప్యాకింగుతోనే. డబ్బా వస్తువుకు ముందే పుట్టగలదని, వస్తువు లేకుండానే ఆనందం ఇవ్వగలదని ఇంతకంటే గట్టి రుజువు నాకు తెలియదు.

2021 జూలైలో మరో మెట్టు ఎక్కారు. సూపర్ మారియో 64 అనే వీడియో గేము, ప్లాస్టిక్ పొర చింపనిది, వేలంలో 15.6 లక్షల డాలర్లు పలికింది. ఆ గేము ఆడాలంటే పొర చింపాలి. చింపితే అది బజారు గేము. అంటే ఆ మహానుభావుడు కొన్నది గేమును కాదు, గేము ఆడకుండా ఉండే నిగ్రహాన్ని. మన పూర్వులు ఇంద్రియ నిగ్రహానికి అడవులకు వెళ్లి గడ్డాలు పెంచారు, పైసా ఖర్చు లేకుండా.

తపాలా బిళ్లల వాళ్లది ఇంకా సూక్ష్మమైన సాధన. బిళ్ల వెనక పూసిన జిగురు చెక్కు చెదరకుండా ఉంటే ఒక ధర, ఆల్బంలో అంటించిన మచ్చ ఉంటే తక్కువ ధర. అతికించడానికి పూసిన జిగురుకు అతికించకపోతేనే గౌరవం. నాణేల సంగతీ అంతే. హైదరాబాద్ టంకశాల నాణెం మీద సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటుంది. కండక్టరు చిల్లరగా ఇచ్చే నాణెం మీదా అదే నక్షత్రం. టంకశాలే అట్టలో బిగించి అమ్మితే మాత్రం దాన్ని వేళ్లతో తాకడం పాపం.

ఇదంతా విని మన పాఠకులు పరాయి పిచ్చి అనుకుంటారేమో. కాదు. ఈ శాస్త్రం మన ఇళ్లలోదే. ఈ నగరంలో ఏ ఫ్లాటులోనైనా అటక తలుపు తీయండి. టీవీ డబ్బా, మిక్సీ డబ్బా, అమ్మేసిన టీవీ డబ్బా, దాని లోపలి థర్మకోల్ రెక్కలు, పాడై పదేళ్లయిన ఇస్త్రీపెట్టె డబ్బా. “ఇల్లు మారితే పనికొస్తాయి” అంటారు. ఇల్లు మారాం. కొత్త ఇంటి అటకలోకి అవి ఖాళీగానే వచ్చాయి, కూలి తీసుకుని. రిమోటుకు పాలిథీన్ కవరు, కవరు జారకుండా రబ్బరు బ్యాండు. కారు కొని మూడేళ్లయినా సీట్ల మీద షోరూము ప్లాస్టిక్, మే నెలలో వీపుకు అంటుకుని లేచేటప్పుడు చప్పుడు చేస్తూ. ఫ్రిజ్ మీద నక్షత్రాల స్టిక్కరు, ఫ్రిజ్ పోయేదాకా. ఇవన్నీ చేసిన మన అమ్మలను వెనకబడినవాళ్లని నవ్వాం. అదే పని అద్దాల బీరువాలో, లోపల చిన్న దీపం పెట్టి చేస్తే సేకరణకర్త అంటున్నాం.

నమ్మకం కుదరకపోతే సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లండి. ఊరంతా వరుస కట్టి చూసే పాలరాతి రెబెక్కా అక్కడే ఉంది. ఇటలీ శిల్పి బెంజోని చెక్కింది, మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నది. జనం ఏం చూస్తున్నారు? ముఖమా? కాదు. ముఖం మీది పల్చని ముసుగు. రాతిలో ముసుగు ఎలా చెక్కాడా అని నోరు వెళ్లబెట్టడం. సుమారు నూట యాభై ఏళ్లుగా కవరు తీయని బొమ్మ అది. అందుకే అంత విలువ.

దీనికి విరుద్ధంగా నడిచిన విషాదం కూడా మన ఊరిదే. 184.75 కారట్ల జేకబ్ వజ్రాన్ని ఆరో నిజాం 1891లో బేరమాడి, ఆ బేరం కోర్టుకెక్కి, చివరికి దాని మీదే విరక్తి చెందాడు. తర్వాత ఏడో నిజాంకు అది తండ్రిగారి జోడు మొనలో దొరికిందని చెబుతారు. ఆయన దాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా వాడుకున్నాడు. 1995లో నిజాం నగలను కేంద్ర ప్రభుత్వం 218 కోట్లకు కొన్నది. ఆ జాబితాలో వజ్రం ఉంది, హారాలున్నాయి, గుండీలున్నాయి. జోడు మాత్రం లేదు. అసలు ప్యాకింగు లేకుండా అమ్మితే అంతకే పోతుంది మరి.

డబ్బా వ్యతిరేకులు కొందరు ఉన్నారు. వాళ్లు చెప్పేది పూర్తిగా నిజం కావడం మరీ చిరాకు. పాత కెమెరాను దాని అసలు తోలు సంచిలోనే దాస్తే, వానాకాలపు తేమకు తోలు బూజు పట్టి, ఆ బూజు కటకానికి ఎక్కుతుంది. మెత్తటి పీవీసీ కవర్లలో పెట్టిన నాణేలకు కొన్నేళ్లకు పచ్చటి జిడ్డు పడుతుంది. అట్టలోని ఆమ్లం కాగితాన్ని గోధుమరంగుకు తిప్పుతుంది. కాపలా పెట్టినవాడే కన్నం వేయడమంటే ఇదే. దానికి నా సమాధానం సూటిగా ఉంటుంది. వస్తువు పోతే ఏమైంది? డబ్బా క్షేమం.

నకిలీల మాట మరింత ఇబ్బందికరం. ఒక వాచీ యంత్రాన్ని మళ్లీ తయారు చేయడానికి కర్మాగారం కావాలి. హెచ్.ఎం.టి. 1961లో జపాను సిటిజన్ సాయంతో బెంగళూరులో అది పెట్టింది, 2016లో దాని మూసివేతకు కేంద్రం ఆమోదం తెలిపింది. డబ్బాకు మాత్రం ఒక అచ్చుయంత్రం, కాస్త అట్ట, కాస్త సిగ్గులేనితనం చాలు. అనుకరించడానికి అతి సులువైన దాన్నే ప్రామాణికతకు కొలబద్ద చేసుకున్నాం. పైన పటారం, లోన లొటారం అన్న పాతమాట ఉంది. అప్పట్లో అది తిట్టు.

ఇంత తెలిసీ నేను ఒక గురువారం పురానాపూల్ దగ్గరి జుమేరాత్ బజార్‌కు వెళ్లాను. తుప్పు పట్టిన తాళాలు, ఒంటి బూట్లు, ముల్లు లేని గడియారాలు దాటి, గుడ్డ పరిచి కూర్చున్న ఒక ముసలాయన దగ్గర హెచ్.ఎం.టి. డబ్బా కనిపించింది. ఖాళీది. ధర అడిగాను. పక్కనే ఉన్న వాచీ ధర కంటే రెండు వందలు ఎక్కువ చెప్పాడు.

“లోపల ఏమీ లేదు కదా?” అన్నాను.

“అందుకే కదా సార్, ఇంత బాగుంది” అన్నాడు.

ఎదురు చెప్పలేక ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను, అన్నం తింటూ. అమ్మ మజ్జిగ పోయడం ఆపింది.

“నీలం డబ్బానా? చిన్నది? మూత మీద అక్షరాలు చెరిగిపోయి?”

అది బీరువా పైఅరలో ఉంది. ఇన్నేళ్లుగా నా కళ్లముందే ఉంది. అందులో పిన్నీసులు, రెండు జాకెట్టు హుక్కులు, చెవి దిద్దు వెనకాల మర ఒకటి. నేను దాన్ని పిన్నీసుల డబ్బా అనే అనుకుంటూ పెరిగాను.

“వాచీతో పాటు ఇచ్చేస్తే మంచి ధర వస్తుందమ్మా” అన్నాను.

“వాచీ అమ్ముకో నాయనా. అది నీది” అంది. “ఆయన వాచీ కొన్న సాయంత్రమే డబ్బా నా చేతికిచ్చారు. ఇది నాది.”

మలక్‌పేట పెద్దమనిషికి ఫోను చేసి విషయం వివరించాను. డబ్బా ఉందండీ, కానీ అమ్మ ఇవ్వనంటున్నారు, అందులో పిన్నీసులు పెట్టుకున్నారు అన్నాను. అవతల మళ్లీ అదే నిశ్శబ్దం. ఈసారి మరింత భక్తిగా.

“ఆ పిన్నీసులు” అన్నారాయన, “అప్పటివేనా అండీ?”