‘48 వేల కోట్లు వచ్చాయిగా, నేనొక్కణ్ణి దొంగ లింకులో చూస్తే పోయేదేంటి?’

ఐపీఎల్ మొదలైందంటే వాట్సాప్ గ్రూపుల్లో మ్యాచ్ లింకులతో పాటు ఒక వాదన కూడా తిరుగుతుంది. బోర్డుకు వేల కోట్లు ముందే వచ్చేశాయి, ఆటగాళ్లు ఎలాగూ కోటీశ్వరులు, ఒకప్పుడు దూరదర్శన్‌లో ఊరికే చూసిన ఆటకు ఇప్పుడు డబ్బులు గుంజుతున్నారు, పైగా చూసినవాడి మీద కేసు ఉండదు; కాబట్టి పైరసీలో చూస్తే తప్పేం లేదు అని. ఇందులో నిజం లేకపోలేదు. ఉంది కాబట్టే అంతగా తిరుగుతోంది.

డబ్బు ముందే వచ్చేసిందన్న మాట చూద్దాం. 2023–27 ఐదేళ్ల ప్రసార హక్కులు సుమారు 48,390 కోట్లకు అమ్ముడుపోయాయి. కానీ కట్టింది ప్రసార సంస్థలు. ప్రకటనల మీదా, చందాల మీదా దాన్ని రాబట్టుకోవాలి. రాకపోతే తర్వాతి వేలంలో చేయి వెనక్కి తీసుకుంటారు. ఐపీఎల్‌కు ఆ భయం పెద్దగా లేకపోవచ్చు. చిన్న ఆటలకు ఉంది. ఫుట్‌బాల్ సంగతే తీసుకోండి: 2021–22లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన హైదరాబాద్ జట్టు తర్వాత జీతాలివ్వలేని స్థితికి వచ్చి, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. అదే ఏడాది లీగ్ వాణిజ్య హక్కులకు టెండరు పిలిస్తే ఒక్క బిడ్డూ రాలేదు. దీనికి పైరసీయే కారణమని అనను, అక్కడ వేరే జబ్బులు చాలా ఉన్నాయి. హక్కులు కొనేవాడు లేకపోతే ఆట గతి ఏమవుతుందో మాత్రం అక్కడ కనిపిస్తుంది.

ఆటగాళ్లంతా కోటీశ్వరులన్నది టీవీలో కనిపించే కొద్దిమందిని చూసి అనే మాట. దేశవాళీ మహిళా క్రికెటర్ల మ్యాచ్ ఫీజు 2025 చివర్లో పెంచేదాకా రోజుకు 20 వేలే. అదీ మ్యాచ్ ఉన్న రోజుల్లో. బోర్డుకొచ్చే ప్రసార డబ్బులోంచే ఆ ఫీజులూ వెళ్లేది.

ఇక దూరదర్శన్ మాట. భారత జట్టు వన్డేలు, టీ20ల సిగ్నల్‌ను దూరదర్శన్‌ను నడిపే ప్రసారభారతితో పంచుకోవాలని 2007లో చట్టమే వచ్చింది. డీడీ ఫ్రీ డిష్ ఉన్న ఇంట్లో అలాంటి మ్యాచ్‌లు ఇప్పటికీ ఊరికే చూడొచ్చు. ఐపీఎల్ ఆ జాబితాలో లేదు. సరే, డబ్బు అడిగినందుకే జనం దొంగ లింకులకు పోతున్నారనుకుందాం. 2023లో జియోసినిమా ఐపీఎల్ మొత్తం ఉచితంగా చూపించింది. మరి ఆ ఏడాది పైరసీ ఆగాలి కదా? ఆగలేదు. ఆ సీజన్ మ్యాచ్‌లనే ఫెయిర్‌ప్లే అనే బెట్టింగ్ యాప్ అక్రమంగా ప్రసారం చేసిందని హక్కులు కొన్న వయాకామ్18 ఫిర్యాదు చేస్తే, మహారాష్ట్ర సైబర్ పోలీసులు కేసు పెట్టారు, తర్వాత ఈడీ కూడా దిగింది.

ఊరికే దొరుకుతున్న మ్యాచ్‌ని ఒక బెట్టింగ్ యాప్ దొంగతనంగా ఎందుకు చూపిస్తుంది? పేద అభిమాని మీద జాలితోనా? మ్యాచ్ చూస్తున్నవాడి వేలు అక్కడే ఉన్న పందెం బటన్ మీద పడాలని. ఆటే అక్కడ గాలానికి ఎర. 2025 నవంబరులో సినిమాల పైరసీ సైట్ ఐబొమ్మ నిర్వాహకుణ్ణి హైదరాబాద్ పోలీసులు పట్టుకున్నప్పుడు సోషల్ మీడియాలో చాలామంది అతన్ని రాబిన్‌హుడ్ అన్నారు. ఆ సైట్‌లోనూ బెట్టింగ్ యాప్‌ల ప్రచారం జరిగిందనే పోలీసులు చెప్పారు. ఆన్‌లైన్ పందేలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. ఆ పందేల్లో అప్పులపాలైన కుర్రాళ్ల వార్తలు మనకు కొత్తేమీ కాదు. మనం నొక్కే ప్రతి లింకూ ఆ దుకాణానికి జనాన్ని పోగుచేస్తుంది. మనం పందెం కాయకపోవచ్చు. మనం లింకు పంపిన గ్రూపులో పదిహేడేళ్లవాడు ఉంటే?

చూసినవాడి మీద కేసు ఉండదన్నది చాలావరకు నిజమే. నేరం చూడటంలో లేదు, అనుమతి లేకుండా పంచడంలో, ప్రదర్శించడంలో ఉందని బొంబాయి హైకోర్టు 2016లో ఒక సినిమా కేసులో చెప్పింది. పంచడం అన్న మాట గమనించండి. అయినా పోలీసులు రారు కాబట్టి తప్పు కాదంటే, మనం రోజూ తప్పు అనుకునే వాటిలో సగం తప్పులు కాకుండా పోతాయి.

ధర మీద కోపం మాత్రం న్యాయమైనదే. ఒక యాప్‌లో ఐపీఎల్, ఇంకోదాంట్లో విదేశీ పర్యటన, మరోదాంట్లో ఫుట్‌బాల్. ఒక్క మ్యాచ్ చూడాలన్నా చాలాచోట్ల కనీసం నెల ప్లాన్ కొనాలి. మ్యాచ్‌కు ఇంత అని అమ్మితే కొనేవాళ్లు ఉంటారు, ఆ పని చాలా కంపెనీలు చేయడం లేదు. మన దేశంలో ఎవరూ హక్కులు కొనని టోర్నీని ఎవరైనా ఎక్కడో వెతుక్కుని చూస్తే నాకు అభ్యంతరం లేదు, అతనికి వేరే దారి లేదు. కానీ 2025లో జియోహాట్‌స్టార్ మొదలైనప్పుడు మొబైల్ ప్లాన్ మూడు నెలలకు 149 రూపాయలు. అది నిజంగా కట్టలేనివాళ్లు ఉన్నారు, వాళ్ల గురించి కాదు నేను మాట్లాడేది. ఆ ఫార్వర్డ్ పంపేవాళ్లలో ఎక్కువమంది అంతకంటే ఎక్కువ ఒక్క పూట బిర్యానీకి పెడతారు.

అమెరికాలో ఉండే మనవాళ్ల తీరు ఇంకా విచిత్రం. అక్కడి క్రికెట్ చానల్ విల్లోకు నెలకు పది డాలర్లు దండగంటారు. ప్రపంచంలోని చానళ్లన్నీ వస్తాయని ఎవరో అమ్మిన దొంగ బాక్సుకు మాత్రం ఏడాది డబ్బు ముందే కడతారు. అది మధ్యలో ఆగిపోతే అడగడానికి కస్టమర్ కేర్ నంబరు కూడా ఉండదు.