గడ్డివారి వైభవం

మా భీమవరం పక్క ఎవరికైనా విలువ రావాలంటే ముందు డబ్బాలోకెక్కి, పైన ఎమ్మార్పీ వేయించుకోవాలి. బాసిల్లస్ సబ్టిలిస్ అనే బ్యాక్టీరియా గారు ఈమధ్యే ఆ హోదా అందుకున్నారు.

మట్టిలో, ఎండుగడ్డిలో ఊరికే దొరికినన్నాళ్లూ ఆయన్ని పలకరించిన నాథుడు లేడు. 1835లో ఏరెన్‌బర్గ్ అనే జర్మన్ శాస్త్రవేత్త పెట్టిన పేరుని 1872లో ఫెర్డినాండ్ కోన్ అనే మరో శాస్త్రవేత్త మార్చాడు. గడ్డి నానిన నీళ్లలో తెగ కనబడతారని తెల్లవాళ్లు 'గడ్డి'నే ఇంటిపేరు చేశారు. 1997లో జాతకం మొత్తం చదివితే సుమారు 4,100 జన్యువులు తేలాయి. చిన్న పంచాయతీ ఓటర్ల జాబితా అంత!

కరువొస్తే ఆయన ధర్నా చెయ్యరు. ముందు సొంత అన్నదమ్ముల్లో కొందరికి విషం పెట్టి, వాళ్ల సారంతో కొంతసేపు నెట్టుకొస్తారు. (గట్టు తగాదాల ఊరివాళ్లం, ఇందులో మాకేం వింత లేదు.) అప్పటికీ గడవకపోతే పెంకు కట్టుకుని సిద్ధబీజమై పడుకుంటారు. ఇక మరిగే నీళ్లు పోసినా చావరు. ఈ మొండితనమే జపాను వాళ్లకి కూడైంది. వరిగడ్డిని ఉడకబెట్టి అందులో ఉడికిన సోయాగింజలు చుట్టేవారు. మిగతా సూక్ష్మజీవులు చాలామటుకు హరీమన్నాక ఈయన లేచి గింజల్ని తీగలు సాగేలా పులియబెట్టేవారు. దాన్నే నాట్టో అంటారు. వాసన సంగతి ఎండుచేపలు తినే మనం ఎత్తకూడదు.

మరి మనమో? దాళ్వా కోత మిషను అలా వెళ్లగానే చేలో గడ్డికి అగ్గిపుల్ల గీస్తాం. గడ్డిమేటు వెయ్యడం నామోషీ. సాయంత్రం బండేసుకెళ్లి రొయ్యల చెరువుకి ఆయన్నే డబ్బాల్లో కొనుక్కొస్తాం. డబ్బాలోది ఏరి పెంచిన రకం, చేలోది నాటు రకం అంటారు. ఒప్పుకున్నాం. పెళ్లి సంబంధాల్లోనూ ఇదే మాట.

మొన్న మా బావ చెరువుగట్టున డ్రమ్ములో తవుడు, బెల్లం కలిపి పొడి వేశాడు. రాత్రంతా నానబెట్టి, గాలి కొట్టి, పొద్దున్నే చల్లితే అడుగున కుళ్లిన మేతని తినేస్తుందట. "ఏటి బావా ఇది?" అన్నాను.

"బ్యాక్టీరియా రా. మంచి రకం."

అంతలో పక్క చేలో మంట లేచింది. బూడిద, మట్టి ఎగిరొచ్చి డ్రమ్ములో పడ్డాయి. బావ గబగబా గోనెపట్టా కప్పేశాడు.

"మట్టీ మశానం పడితే సరుకు పాడైపోద్దిరా!"