విశాఖ చాటున ఉత్తరాంధ్ర

పెట్టుబడిదారుల వేదిక ఎక్కితే చాలు, మన పాలకులకు ఉత్తరాంధ్ర అంటే విశాఖ సాగరతీరమే. రేవు చూడండి, డేటా సెంటర్లు చూడండి, తలసరి ఆదాయం చూడండి అంటారు. ఢిల్లీలో నిధులు అడిగేటప్పుడు మాత్రం అదే నేల వెనుకబడిన ప్రాంతం. ఈ రెండు నాల్కల మాట ఇంకెన్నాళ్లు?

నగరం ఎదిగితే ఆ ఫలం చుట్టుపక్కల జిల్లాలకూ అందుతుందని వాదించేవారున్నారు. ఆ మాట పూర్తిగా అబద్ధమని మేమూ అనం. కానీ విశాఖ రేవు తెరిచింది 1933లో. అంతకు మూడేళ్ల ముందే, కూలికి వలసపోయిన తెలుగు హమాలీలు బర్మాలోని రంగూన్ రేవు అల్లర్లలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. సొంతగడ్డ మీద రేవు వచ్చాక కూడా బర్మా ఓడలు నిండుతూనే ఉన్నాయి. 1942లో జపాన్ సేనలు తరుముకొస్తే ఆ కూలీల్లో ఎందరో అడవులూ కొండలూ దాటి కాలినడకన వెనుదిరిగారు. 2020 లాక్‌డౌన్‌లో గుజరాత్‌లోని వెరావల్‌లో చిక్కుకుపోయిన వేలాది మత్స్యకారులదీ ఈ తీరమే. రంగూన్ పోయి వెరావల్ వచ్చింది, అంతే తేడా.

వలస వీరికి అలవాటైపోయిందని తేలిగ్గా అనేసే పెద్దమనుషులకు ఒక్క విషయం గుర్తు చేయాలి. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. శ్రీకాకుళం (సిక్కోలు) జిల్లాలో వంశధార మీద గొట్టా బ్యారేజీ రావడానికి ఆ తర్వాత నూరేళ్లకు పైగా పట్టింది. 1802 నుంచి శిస్తు దండుకున్న జమీందారీలకు నీటి మీద ధ్యాస లేదు. వాటిని రద్దు చేసిన ప్రభుత్వాలకూ తొందర లేకపోయింది. గోదావరి డెల్టాకు దక్కిన నీళ్లు సిక్కోలుకు దక్కి ఉంటే ఆ అలవాటు ఎవరికి అయ్యేదో చూసేవాళ్లం.

కేంద్రం తీరు మరీ విడ్డూరం. వెనుకబడిన ప్రాంతాలకు ప్రత్యేక ప్యాకేజీ ఇస్తామని 2014 విభజన చట్టంలో రాసుకున్నారు. జిల్లాకు ఏడాదికి రూ.50 కోట్ల చొప్పున, సీమతో కలిపి ఏడు జిల్లాలకు విదిల్చారు. 2018లో రూ.350 కోట్లు రాష్ట్ర ఖాతాలో వేసి మళ్లీ వెనక్కి లాక్కున్నారు. విశాఖ ఉక్కు కర్మాగారం కథ ఇక్కడ ఎవరికి చెప్పాలి? 32 మంది ప్రాణాలిచ్చి సాధించుకున్నదాన్ని అమ్మేస్తామని 2021లో ఎంత తేలిగ్గా అన్నారు!

రాష్ట్రం ఏం తక్కువ తినలేదు. విశాఖలో ఒక ఐటీ సంస్థకు 21 ఎకరాలకు పైగా భూమిని 99 పైసలకు కట్టబెట్టిన ఉదారత, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుతో డయాలసిస్ మంచాలెక్కిన కుటుంబాల దగ్గరికొచ్చేసరికి ఎందుకు అడుగంటుతోంది?

విశాఖ సగటు చూపి శ్రీకాకుళం ఆకలిని కప్పెట్టడం ఇక చాలు. ఏ జిల్లా ఆదాయం, సాగునీరు, వలస లెక్క ఆ జిల్లాకు విడిగా సభలో పెట్టండి. దీన్ని అడగాల్సిన ఇక్కడి ఎమ్మెల్యేలు, ఎంపీలు ఒప్పందాల ఫొటోల్లో చోటు కోసం తోసుకుంటున్నారు. ఓట్లు వేసినవాళ్లు ఇచ్ఛాపురం స్టేషన్‌లో రైలెక్కుతున్నారు, అటు కూడా ఒకసారి చూడండి.