‘పార్ట్‌నర్’ అనే బిరుదుకు ఒక వాటాదారు లేఖ

మహారాజశ్రీ ‘డెలివరీ పార్ట్‌నర్’ అనే బిరుదు గారికి, తిరుపతి నుంచి తమ భాగస్వామి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మూడేళ్ల క్రితం ఫోనులో యాప్ ఎక్కించుకున్న రోజునే తమరు నాకు సంక్రమించారు. నియామక పత్రం ఇవ్వలేదు గాని పట్టాభిషేకం మాత్రం జరిగింది. బీకాంలో 1932 నాటి భాగస్వామ్య చట్టాన్ని బట్టీ పట్టినవాడిని గనుక, వ్యాపారంలో వచ్చే లాభాన్ని పంచుకోవడానికి ఒప్పుకున్నవారి మధ్య ఉండే సంబంధమే భాగస్వామ్యమని నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. ఆ లెక్కన వాటాలు చూసుకుంటే బండి, దాని కంతు, పెట్రోలు, ఫోను, లీలామహల్ సర్కిల్‌లో పడే చలానా నావని తేలింది. ఆర్డరుకు రేటు నిర్ణయించే శ్రమ ఒక్కటే తమరి పక్షానికి మిగిలింది, పాపం.

మా ఊరికి వేషాలు కొత్త కావు. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం అని రోజుకొకటి కడతారు. దొర వేషం కట్టినవాడు ఆ పూట దొరలాగే నడిచి, మొక్కు తీరాక రంగు కడుక్కుని తన పనికి తాను పోతాడు. తమరు మాకు కట్టిన దొర వేషానికి అలాంటి గడువేదీ లేదు. జీతం అడిగితే మేము భాగస్వాములం, సెలవు జీతం అడిగితే మాకు మేమే యజమానులం. కపిలతీర్థం రోడ్డులో వాన పడి పది నిమిషాలు ఆలస్యమైతే మాత్రం వేషం ఉన్నట్టుండి ఊడిపోయి, సంజాయిషీ చెప్పుకోవలసిన కూలివాళ్లం.

2020లో పార్లమెంటు ఆమోదించగా 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి మమ్మల్ని ‘ప్లాట్‌ఫాం వర్కర్’ అంది, మా సంక్షేమానికి కంపెనీలు ఏటా తమ టర్నోవరులో 1 నుంచి 2 శాతం జమ చేయాలని కూడా అంది. (యజమాని, ఉద్యోగి సంబంధానికి ఇది బయటి పని అన్నదీ ఆ చట్టమే, అది వేరే ఏడుపు.) వర్కర్ అన్న మాటకు అంతో ఇంతో పైకం కట్టాలి, తమరికి దమ్మిడీ ఖర్చు లేదు. తమరంటే కంపెనీకి ఇంత ప్రేమ ఎందుకో అప్పుడు బోధపడింది.

డబ్బు మాట అలా ఉంచండి. నా పనితనాన్ని తమరి ఖాతాలో వేసుకోవడమే నాకు మింగుడు పడడం లేదు. సాంబారు కవరు ముడి బిగిసిందో లేదో వేలితో నొక్కి చూసి, సంచిలో అది వాలకుండా పాత పేపరు మడిచి రెండు పక్కలా దోపి, రైల్వే స్టేషన్ ముందు గుండ్లతో రోడ్డు దాటే యాత్రికుల మధ్య నుంచి, స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా సీటు మీద సగం లేచి బండి దాటించడం నాకు ఎవరూ నేర్పలేదు. మొన్న కొర్లగుంటలో లిఫ్టు పనిచేయని భవనంలో నాలుగో అంతస్తు ఎక్కి పొట్లం అందిస్తే, ఒక పెద్దావిడ కవరును వెలుతురుకు ఎత్తి పట్టుకుని, “చుక్క కూడా ఒలకలేదే నాయనా!” అంది. ఆయాసం మరిచి మెట్లు దిగాను. కిందికి వచ్చి ఫోను చూస్తే “పార్ట్‌నర్, మీ అంకితభావానికి మా సలాం” అని సందేశం, దాని కిందే జమ అయిన 25 రూపాయలు. మా నాయన గాంధీ రోడ్డులో ముప్పై ఏళ్లు బట్టలు కుట్టాడు. ఎవరి కంటా పడని లోపలి కుట్టు కూడా వంకర పోనిచ్చేవాడు కాదు. ఆయనను ఎవరూ పార్ట్‌నర్ అనలేదు గాని, కుట్టుకూలి మాత్రం లెక్క ప్రకారం చేతిలో పెట్టేవారు.

ఇకపోతే, వడ్డికాసులవాడి ఊరివాడిని గనుక లెక్కల దగ్గర మొహమాటపడను. నిన్న తిరుచానూరు రోడ్డులో వెనక చక్రానికి మేకు దిగింది. పంక్చరుకు 120 రూపాయలైంది. బండి తోసుకుంటూ పోయిన ముప్పావు గంటకు నేనేమీ వేయడం లేదు. భాగస్వాములం గనుక తమరి సగం 60 రూపాయలు. వీలైనంత త్వరగా పంపించగలరు.

ఇట్లు,
తమ సగం వాటాదారు,
తిరుపతి.