హొక్కైడో మంచుగారికి, జారిపడ్డ యాత్రికుడి ఉత్తరం

మహారాజశ్రీ హొక్కైడో మంచుగారి సముఖానికి,

విజయవాడ నుంచి నమస్కరించి రాసుకునేది ఏమనగా, ఇక్కడ నా కుడి తుంటి తప్ప మేమంతా క్షేమం. తమరూ క్షేమమేనని, ఇప్పట్లో కదిలే ఉద్దేశం లేదని తలుస్తాను. ఫిబ్రవరి ఇంకా పోలేదు, మా ఫ్యాను అప్పుడే అయిదు మీద తిరుగుతోంది. దాని కింద బోర్లా పడుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను. తిన్నగా ఎందుకు కూర్చోలేకపోతున్నానో తమరికి తెలుసు.

ముందు లెక్క తేల్చుకుందాం. మిమ్మల్ని చూడ్డానికి నేను మూడు విమానాలు మారి, రెండేళ్ల చీటీ పాట డబ్బులు పెట్టుకుని, జపాన్ ఉత్తరాన ఉన్న తమ హొక్కైడో దీవికి వచ్చాను. మిమ్మల్ని ఎత్తి అవతల పారబోయడానికి ఆ దీవిలోని పెద్ద ఊరు సప్పొరోవాళ్లు ఏటా రెండు వేల కోట్ల యెన్లకు పైనే ఖర్చు పెడుతున్నారు. సరుకు ఒక్కటే. చూడ్డానికి నేను డబ్బు పెట్టాలి, వదిలించుకోవడానికి వాళ్లు పెట్టాలి, మధ్యలో తమరు మాత్రం పైసా ఖర్చు లేకుండా పడుతుంటారు. ఇలాంటి వ్యాపారం మా వన్‌టౌన్‌లో తలపండిన వాళ్లెవరూ చేసి ఉండరు.

దీనికంతటికీ మూలం మా బావమరిది. టోక్యోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. "ఎప్పుడూ తిరుపతీ ఊటీయేనా బావా? ఒక్కసారి ఫిబ్రవరిలో సప్పొరో చూడు" అన్నాడు. పక్కనుంచి వాళ్లక్క "వాడు అంతగా పిలుస్తుంటే..." అంది. ఆ వాక్యం అంతటితో ఆగిపోతుంది. మిగతాది పూర్తి చేసుకోవడం పెళ్లయినవాళ్లకు వచ్చు.

సగం తప్పు మా భాషది కూడా అనుకోండి. మా వైపు తెల్లవారుజామున గడ్డి మీద మెరిసేదీ మంచే, సంక్రాంతికి హైవే మీద లారీలు కనపడకుండా కమ్మేసేదీ మంచే. "మంచులో తిరక్కురా" అని మా అమ్మ అంటే తలకు తువ్వాలు చుట్టుకోమని అర్థం. తమరేమో అదే పేరు పెట్టుకుని నడుం దాకా వస్తారు. అక్కడివాళ్లకు మీతో చాలాకాలంగా పడి ఉండటం అలవాటు కాబట్టి, మీ ఒక్కో వేషానికి ఒక్కో పేరు పెట్టారు. పిండిలా రాలితే కొనాయుకి. పెద్ద పెద్ద రేకుల్లా పడితే బొతన్‌యుకి, అంటే ఏదో పువ్వు పేరట. చూరుకు కత్తుల్లా వేలాడితే త్సురారా. ఒహోత్‌స్క్ సముద్రం మీద పలకలు పలకలుగా తేలుతూ వస్తే ర్యూహ్యో. ఆ చివరిదాన్ని చూడాలంటే అబాషిరి దాకా వెళ్లాలి, సప్పొరో నుంచి రైల్లో అయిదు గంటల పైమాటే. ఓడ మంచుపలకల్ని విరుచుకుంటూ పోతుంటే పైన నిలబడి చూస్తారట. నా తుంటి అప్పటికే పోయింది కాబట్టి ఆ ముచ్చట తీరలేదు.

లంబసింగిలో సున్నా డిగ్రీలని పేపర్లో పడితే కార్లు కట్టించుకుని పరిగెత్తే జాతి మాది. తమరి ఇలాకాలోని అసాహికవాలో 1902 జనవరి 25న మైనస్ 41 డిగ్రీలు నమోదైంది. వాతావరణ శాఖ లెక్కల్లో జపాన్ మొత్తానికి నేటికీ అదే రికార్డు. ఇప్పుడు అదే ఊరి జూలో చలికాలమంతా పెంగ్విన్లను రోజూ వాకింగ్‌కి తీసుకెళ్తారు. నిజంగా వాకింగే. లోపలే ఉండి ఒళ్లు పెంచేస్తున్నాయని మొదలుపెట్టారట. మా ఆవిడ నా వైపు అదోలా చూసింది.

తమరి పుట్టుపూర్వోత్తరాలు కూడా విచారించాను. సైబీరియా నుంచి బయల్దేరిన ఎండు చలిగాలి జపాన్ సముద్రం దాటుతుందా, ఆ నీళ్లేమో గాలికంటే వెచ్చగా ఉంటాయి, అక్కడ కడుపునిండా తేమ పీల్చుకుని హొక్కైడో కొండలకు తగలగానే దించేసుకుంటుంది. ఆ దించుకున్నదే తమరు. సప్పొరోలో ఒక్క చలికాలంలో పడేదంతా కలిపితే దాదాపు 5 మీటర్లు. దాదాపు 20 లక్షల మంది ఉండే ఊరది. మాకు రెండు గంటలు వాన పడితే బస్టాండ్ దగ్గర పడవలు వేయమంటాం. వాళ్లు మీ కోసం ట్రాఫిక్ లైట్లనే అడ్డంగా కాకుండా నిలువుగా పెట్టుకున్నారు, మీరు వాటి మీద ఎక్కువ కూర్చోకుండా. ఊరు దాటితే రోడ్డు పొడుగునా ఎర్ర, తెల్ల చారల బాణాలు కిందికి చూపిస్తూ వేలాడుతుంటాయి. "రోడ్డు అంచు ఇక్కడే ఉంది, నమ్మండి" అని వాటి భావం. నమ్మడం తప్ప చేసేదేమీ లేదు, కింద అంతా తెలుపే.

ఇక మీ పేరు మీద జరిగే పండగ. సప్పొరో నడిబొడ్డున ఒదోరి పార్కులో ఫిబ్రవరిలో వారం రోజుల పాటు. 1950లో బడి పిల్లలు ఆరు మంచు బొమ్మలు చేసి మొదలుపెట్టారట. అప్పట్లో ఆ చోటు ఊరి జనం మంచు తెచ్చి పారబోసే జాగా. అంటే చెత్తకుప్ప మీద పుట్టిన పండగ, నాకు ఆ సంగతి చాలా నచ్చింది. 1955 నుంచి సైనికులు కూడా చేయి వేశారు, 1972లో ఆ ఊళ్లోనే జరిగిన చలికాలపు ఒలింపిక్స్ తర్వాత ప్రపంచమంతా తెలిసిపోయింది, ఇప్పుడు ఇరవై లక్షల మందికి పైగా వస్తున్నారు. రెండు మూడు అంతస్తుల మేడలంత బొమ్మలు. రాత్రి లైట్లు వేస్తే మా ఆవిడ పది నిమిషాలు మాట్లాడలేదు. ఆ పది నిమిషాలకు తమరికి ప్రత్యేకంగా రుణపడి ఉన్నాను.

అయితే ఆ బొమ్మలకు మంచు ఎక్కణ్ణుంచి వస్తుందో అడిగితే మాత్రం నాకు మతిపోయింది. ఊరి బయటి నుంచి లారీల్లో! ఊళ్లోని మంచు మురికి, బొమ్మలకు పనికిరాదు. కాబట్టి ఒక లారీ ఊళ్లోంచి మిమ్మల్ని బయటికి మోసుకుపోతుంటే, ఇంకో లారీ మిమ్మల్నే లోపలికి మోసుకొస్తుంటుంది. డ్రైవర్లు దారిలో ఎదురుపడితే ఏం అనుకుంటారో! మా మున్సిపాలిటీలో ఇలాంటివి బిల్లుల్లోనే జరుగుతాయి. అక్కడ నిజంగా జరుగుతుంది.

పండగ ముగిసిన మర్నాడే ప్రొక్లెయిన్లు దిగుతాయి. వారాల తరబడి సైనికులూ ఊరివాళ్లూ చెక్కిన కోటను ఆ ఇనుప చెయ్యి నెత్తిన ఒక్కటి వేసి కూల్చేస్తుంటే జనం ఫోన్లు ఎత్తి పట్టుకుని నిలబడ్డారు. ఖైరతాబాద్ వినాయకుణ్ణి సాగనంపినట్టే ఉంది గానీ డప్పుల్లేవు, డాన్సుల్లేవు, ఒక్కడికీ కంట నీరు లేదు. బొమ్మ కూలి, లోపల ఇంకా అంతే తెల్లగా ఉన్న గుండె బయటపడ్డప్పుడు మాత్రం జనం "ఓ" అన్నారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. సప్పొరోలోనే సుసుకినో అనే చోట సిగ్నల్ దగ్గర, రాత్రి ఎనిమిదింపావు.

అక్కడి కిరాణా దుకాణాల్లో బూట్లకు తగిలించుకునే రబ్బరు ముళ్లు అమ్ముతారు. తీసుకోమని బావమరిది చెప్పాడు. "కృష్ణా పుష్కరాల్లో పాచిపట్టిన మెట్ల మీద నడిచినవాణ్ణిరా, నాకు ముళ్లెందుకు?" అన్నాను. ఆ మాట తమరు విన్నట్టున్నారు. ఎర్రలైటు పడింది. నేను ఆగాను. నా కాళ్లు ఆగలేదు. అవి నా అనుమతి లేకుండానే అవతలి గట్టుకు బయల్దేరాయి. మిగతా శరీరం వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తూ గాల్లో ఉండిపోయింది. తర్వాత అందరం ఒకేసారి కిందికి వచ్చాం.

చెంప నేలకు ఆనించి చూశాను కాబట్టి చెబుతున్నాను, అక్కడ తమరు తెల్లగా లేరు. నల్లగా, కడిగి బోర్లించిన స్టీలు పళ్లెంలా ఉన్నారు. లోపల ఒక ఎండుటాకు, ఈనెలతో సహా, గాజుపెట్టెలో పెట్టినట్టు ఉంది. పక్కనుంచి ఎత్తు మడమల బూట్లు వేసుకున్న ఒకావిడ ఫోన్లో మాట్లాడుకుంటూ చకచకా దాటిపోయింది. ఆమె నడక చూసి తెలుసుకున్నాను, అడుగు పైకెత్తి ముందుకు వేయకూడదట, పాదం మొత్తం ఒకేసారి దించుతూ చిన్న చిన్న అడుగులు వేయాలట. పెంగ్విన్ నడక. జూలో వాకింగ్ ఎవరి కోసమో అప్పుడు బోధపడింది.

ఇందులో తమరి ఒక్కరి తప్పే లేదని కూడా ఒప్పుకోవాలి. ఒకప్పుడు అక్కడి కార్ల టైర్లకు ఇనుప మొలలుండేవి. అవి తారు రోడ్డును గీకి గీకి ఊరంతా దుమ్ము లేపుతున్నాయని 1990లో చట్టం చేసి ఆపేయించారు. దుమ్ము పోయింది. కొత్త టైర్లేమో సిగ్నల్ దగ్గర ఆగీ కదిలీ మిమ్మల్ని అద్దంలా పాలిష్ పెట్టడం మొదలుపెట్టాయి. మంచి పని చేస్తే ఇంకెవడి తుంటికో చుట్టుకోవడం మా దగ్గరా మామూలే.

ఆ పక్కనే ఒక పెట్టె ఉంది. తెరిచి చూస్తే లోపల చిన్న చిన్న సంచులు, వాటి నిండా సన్న కంకర లాంటి ఇసుక. ఎవరికి జారుతుందనిపిస్తే వాళ్లు తీసి నేల మీద చల్లుకుంటూ పోవచ్చు. డబ్బులక్కర్లేదు. ఉచిత ఇసుక! కాపలా లేదు, లారీ లేదు, రాత్రిపూట తవ్వకాలు లేవు. కృష్ణ ఒడ్డున పుట్టి, ఇల్లు కట్టుకునేటప్పుడు ఇసుక కోసం నేను పడ్డ టెన్షన్ గుర్తొచ్చి, నొప్పిలో కూడా రెండు సంచులు కోటు జేబులో వేసుకున్నాను.

తిండి గురించి ఎక్కువ చెప్పను. సూప్ కర్రీ అని ఆ ఊళ్లోనే పుట్టిన వంటకం ఉంది, కారం ఎంత కావాలో అంకెల్లో అడుగుతారు, నేను ఆంధ్రా పరువు కోసం పెద్ద అంకె చెప్పాను, పరువు నిలబడింది, నేను నిలబడలేదు. వీధిలోని మెషీన్లో మొక్కజొన్న సూప్ వేడివేడిగా డబ్బాలో పడుతుంది. తాగేలోపు రెండు అరచేతులూ వెచ్చబడతాయి. ఆఖరి నాలుగు గింజలు అడుగున అతుక్కుని ఎంత తట్టినా రావు.

మర్నాడు తుంటికి మంచిదని జోజాన్‌కెయి వేడినీళ్ల బుగ్గలకు తీసుకెళ్లారు. ఆరుబయట తొట్టి, చుట్టూ కొండలు, పైనుంచి తమరు. ఒంటి మీద నూలుపోగు ఉండకూడదని నియమం. నెత్తిన మడతపెట్టిన చిన్న తుండుగుడ్డ మాత్రం ఉండొచ్చు. దానికి అక్కడ ఏం పనో నాకర్థం కాలేదు, అవసరమైన చోటు వేరే ఉంది. పన్నెండేళ్లుగా ఒకరి జీతం ఒకరికి చెప్పుకోని బావా బావమరుదులం, మెడ దాకా నీళ్లలో మునిగి ఎదురెదురుగా కూర్చున్నాం. కాసేపటికి మీ రేకు ఒకటి వచ్చి వాడి కనురెప్ప మీద వాలింది. కరగలేదు. వాడు కదల్లేదు. "బావా, అమ్మ ఉండి ఉంటే..." అన్నాడు, ఆపేశాడు. ఆ పావుగంటకు మీ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఆఖరి రోజు ఒతారు అనే రేవు ఊరు. రైల్లో ముప్పావు గంట, పక్కనే సముద్రం. 1923 నాటి కాలువ, రాతి గిడ్డంగులు, చీకటి పడ్డాక నీళ్ల మీద దీపాలు. అందరూ వంతెన మీద ఫోటోలు తీసుకుంటుంటే నేను తెలివిగా ఒక వెనక వీధిలోకి వెళ్లాను, జనం లేని ఫోటో కోసం. అక్కడ మా అమ్మమ్మ వయసు ముసలావిడ ఇంటి ముందు మంచు తీస్తోంది. చేతిలో తోపుడు బండికీ చేటకీ మధ్యరకం సామాను. దాని పేరు 'మామాసాన్ డంప్' అని తర్వాత చెప్పారు, అంటే అమ్మగారి డంపర్ అన్నమాట. పేరులోనే ఎవరు తీయాలో రాసేశారు. నేను చూరు కింద నిలబడి, పైనుంచి రాలుతున్న తమరిని సినిమా ఫోజులో వీడియో తీసుకుంటున్నాను. ఆవిడ ఏదో అరిచి, ఇలా రా రా అని చేతులూపింది. నన్ను పలకరిస్తోందనుకుని నవ్వుతూ నాలుగడుగులు వేశాను.

వెనక దభీమని చప్పుడు. ఇంటి కప్పు మీది మంచంతా నేను నిలబడ్డ చోట పడింది. నిలువెత్తు కుప్ప.

ఆవిడ నన్ను చూసింది, కుప్పను చూసింది. అంతకుముందే శుభ్రం చేసిన చోటది. నేను ఆ డంపర్ అందుకుని సాయం చేయబోయాను. మూడు తోపులకు ఆయాసం వచ్చింది. నాలుగోసారి తోస్తే అది కదల్లేదు, నేను వెనక్కి జారాను. ఆవిడ చక్కగా నవ్వి, సామాను నా చేతిలోంచి తీసుకుని, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. తమరు ఇంకా పడుతూనే ఉన్నారు.

ఇట్లు,
తమ పాదాల దగ్గర వెల్లకిలా పడిన
ఒక బెజవాడవాడు

తా.క.: కోటు జేబులోని రెండో సంచి విమానంలో చిరిగింది. మా ఆవిడ నిన్న మూడోసారి ఉతికింది, బకెట్ అడుగున ఇంకా ఇసుకే వస్తోంది. పారబోయొద్దన్నాను.