ప్రయోగం ఫెయిలైందని నవ్వేవాళ్లు ఒక్కసారి ‘నార్టన్ సౌండ్’ చరిత్ర చూడండి

క్షిపణి ప్రయోగం విఫలమైందన్న వార్త రావడం ఆలస్యం, కోట్ల రూపాయలు సముద్రంలో కలిపేశారన్న మాటలు మొదలవుతాయి. ప్రయోగం గెలిస్తే మాత్రం నిప్పులు కక్కుతూ లేచే క్షిపణి వీడియో అందరి ఫోన్లలో తిరుగుతుంది. ఆ క్షిపణి ఏ ఓడ మీంచి లేచిందో, దాని మీద అంతకుముందు ఎన్ని పరికరాలు బిగించారో, ఎన్ని పనికిరావని పీకేశారో ఎవరూ అడగరు. నౌకాదళాల గురించి శ్రద్ధగా రాసేవాళ్లు కూడా యుద్ధాలు చేసిన ఓడలకే పేజీలు కేటాయిస్తారు. ప్రయోగాల ఓడకి రెండు లైన్లు దక్కితే గొప్ప. ఇది చాలా పెద్ద అన్యాయమని నా అభిప్రాయం. అమెరికా నౌకాదళంలో దాదాపు 40 ఏళ్లు ప్రయోగాల కోసమే బతికిన యూఎస్ఎస్ నార్టన్ సౌండ్ సంగతి తెలిస్తే ఎందుకంటున్నానో అర్థమవుతుంది.

ముందు పేరు గురించి. ఇక్కడ సౌండ్ అంటే చప్పుడు కాదు, నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. నార్టన్ సౌండ్ అలాస్కా తీరంలో ఉంది. సీప్లేన్ టెండర్లకి, అంటే నీటి మీద దిగే విమానాలకి ఇంధనం, మరమ్మతు, బస చూసుకునే ఓడలకి, అమెరికా ఇలాంటి పేర్లు పెట్టేది. కాలిఫోర్నియాలోని శాన్ పెడ్రోలో కట్టిన ఈ ఓడ 1945 జనవరి 8న విధుల్లో చేరింది. పొడవు సుమారు 540 అడుగులు, వేగం 19 నాట్లు, అంటే గంటకి సుమారు 35 కిలోమీటర్లు. యుద్ధం చివరి నెలల్లో ఒకినావా దగ్గర విమానాల బాగోగులు చూసుకుంది, అంతటితో దాని యుద్ధ చరిత్ర ముగిసింది.

మరి ప్రయోగాలకి దీన్నే ఎందుకు ఎంచుకున్నారు? వెనక భాగంలో విమానాన్ని ఎత్తి నిలబెట్టుకునేంత ఖాళీ డెక్, దాని పక్కనే బరువులెత్తే క్రేన్లు, కింద వర్క్‌షాపులు, ఇంధనం దాచే ఏర్పాట్లు, విమాన సిబ్బంది కోసం కట్టిన అదనపు గదులు. ఆ గదుల్లోనే శాస్త్రవేత్తల్నీ, కంపెనీ ఇంజనీర్లనీ ఉంచొచ్చు. డిస్ట్రాయర్‌లో అడుగు జాగా కావాలన్నా ఏదో ఒకటి పీకాలి. ఇక్కడ ఆ ఇబ్బంది లేదు. తుపాకులు బాగా లేవనీ, వేగం చాలదనీ బాధ లేదు. ప్రయోగాల ఓడకి కావాల్సింది జాగా, కరెంటు, చల్లని నీళ్లు, ఎత్తులో బరువు పెట్టినా ఒరిగిపోని ఒళ్లు.

1948లో ఫిలడెల్ఫియా నౌకా కర్మాగారంలో దీన్ని రాకెట్లు ప్రయోగించే ఓడగా మార్చారు. 1949 జనవరి 26న కాలిఫోర్నియాలోని పాయింట్ ముగూ దగ్గర సముద్రంలో ‘లూన్’ని ఎగరేశారు. లూన్ అంటే రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ వాడిన ఎగిరే బాంబు వీ-1కి అమెరికా చేసుకున్న నకలు.

ఆ రోజుల్లో భయం ఇంధనం గురించే. 1947 సెప్టెంబరు 6న విమానవాహక నౌక మిడ్‌వే డెక్ మీంచి జర్మనీ తయారుచేసిన వీ-2 రాకెట్‌ని వదిలితే అది లేచీ లేవగానే దారి తప్పి గాల్లోనే ముక్కలైంది. అదే డెక్ మీద పడి ఉంటే? ఆ ప్రశ్నకి జవాబు కోసం న్యూమెక్సికోలోని వైట్ శాండ్స్ రాకెట్ పరీక్షా కేంద్రంలో ఓడ డెక్ లాంటి కట్టడం వేసి, నిండా ఇంధనం పోసిన వీ-2లని కావాలనే దాని మీద కూలదోశారు. ‘ఆపరేషన్ పుష్‌ఓవర్’ అని దానికి పేరు. ఆల్కహాలూ ద్రవ ఆక్సిజనూ కలిసి అంటుకుంటే ఉక్కు పలక పరిస్థితి ఏమిటో కళ్లారా చూశారు.

అదంతా తెలిసి కూడా 1950 మే నెలలో, పసిఫిక్‌లోని క్రిస్మస్ ద్వీపం దగ్గర, నార్టన్ సౌండ్ మీద వైకింగ్-4ని నిలబెట్టారు. ఇదీ ఆల్కహాలు, ద్రవ ఆక్సిజన్ రాకెట్టే. ద్రవ ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఉష్ణమండలపు ఎండలో ట్యాంకులోంచి నిమిష నిమిషానికీ ఆవిరై పోతుంటుంది కాబట్టి నింపాక కౌంట్‌డౌన్ సాగదీయడానికి లేదు. ఊగే డెక్ మీద అంత ఎత్తు రాకెట్ నిటారుగా నిలబడాలి, వదిలే క్షణానికి ఓడ నిలువుకి దగ్గరగా ఉండాలి. ఆ వైకింగ్ దాదాపు 170 కిలోమీటర్ల ఎత్తుకి వెళ్లి, భూ అయస్కాంత మధ్యరేఖ దగ్గర కాస్మిక్ కిరణాల లెక్కలు తెచ్చింది. నేల మీది ప్రయోగ కేంద్రాన్ని అక్కడికి మోసుకెళ్లలేం కదా. ఓడ ఉంటేనే అది కుదిరింది.

అదే కాలంలో, శాస్త్ర పరికరాల్ని చాలా ఎత్తుకి మోసుకెళ్లే స్కైహుక్ బెలూన్లనీ ఇక్కణ్నుంచి వదిలారు. నేల మీద పెద్ద బెలూన్ ఎగరేయాలంటే గాలి తగ్గేదాకా కాచుక్కూర్చోవాలి. ఓడ మీద ఆ అవసరం లేదు. గాలి వీచే దిక్కుకే, గాలి ఎంత వేగంతో వీస్తుంటే అంత వేగంతో ఓడని నడిపిస్తే డెక్ మీద గాలి లేనట్టే. 15 నాట్ల గాలిలో కూడా పల్చటి ప్లాస్టిక్ బెలూన్ చిరగకుండా నిండుతుంది. ఇంత తేలికైన కిటుకు నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

1950 దశకం విమానాల్ని కూల్చే టెరియర్, టార్టార్ క్షిపణులది. 1951 ఆగస్టులో ఓడ వర్గం గుర్తు కూడా ఏవీఎం-1గా మారింది, అంటే పత్రాల్లో కూడా ఇక క్షిపణి ఓడే. ఈ దశలో నేర్చుకున్న పనుల్లో బయటివాళ్లకి కనిపించనిది ఒకటుంది: రాడార్నీ, లాంచర్నీ ఒకే దిక్కు చూసేలా సరిచూడడం. ఉక్కు ఓడ రాయిలా కదలకుండా ఉండదు. ఒక పక్క ఎండ కొడితే ఆ పక్క ఉక్కు వ్యాకోచించి ఓడ సన్నగా వంగుతుంది. మధ్యాహ్నం సరిచూసిన లెక్క తెల్లారేసరికి తప్పు. అందుకే ఆ పని ఎండ లేనప్పుడు, ఒళ్లంతా ఒకే వేడిలో ఉన్నప్పుడు చేస్తారు. ఒక్క మిల్లీరేడియన్ తేడా, అంటే డిగ్రీలో పదిహేడో వంతు, 40 కిలోమీటర్ల దూరానికి 40 మీటర్ల తప్పవుతుంది.

1958 గురించి మాత్రం నాకు గర్వం లేదు, కోపమే ఉంది. ఆగస్టు 27, ఆగస్టు 30, సెప్టెంబరు 6న దక్షిణ అట్లాంటిక్‌లో ఈ ఓడ మీంచి మూడు ఎక్స్-17ఏ రాకెట్లు అణు వార్‌హెడ్లతో లేచాయి. ఒక్కోటి 1 నుంచి 2 కిలోటన్నులు. ఇదే ‘ఆపరేషన్ ఆర్గస్’. నికొలస్ క్రిస్టోఫిలోస్ అనే భౌతిక శాస్త్రవేత్త చెప్పిన ఊహ ఏంటంటే, చాలా ఎత్తులో అణు విస్ఫోటం జరిపితే ఎలక్ట్రాన్లు భూ అయస్కాంత క్షేత్రంలో చిక్కుకుని భూమి చుట్టూ ఒక పొరలా నిలుస్తాయని. ఊహ నిజమే అయింది, ఎక్స్‌ప్లోరర్-4 ఉపగ్రహం ఆ పొరని పట్టుకుంది. శత్రు క్షిపణుల్ని పాడుచేసేంత గట్టిగా, ఎక్కువ కాలం మాత్రం అది నిలవలేదు. శాస్త్రం పరంగా గొప్ప ప్రయోగమే, కాదనను. కానీ తొమ్మిది ఓడల్లో సుమారు 4,500 మందిని తీసుకెళ్లి, మనుషులున్న ఓడ డెక్ మీంచి అణు వార్‌హెడ్ ఎగరేసి, ఆ విషయాన్ని ప్రజలకి దాచిపెట్టారు. 1959 మార్చిలో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టేదాకా లోకానికి తెలియదు. ఇది ఓడ తప్పు కాదు, ఆ పని అప్పగించినవాళ్ల తప్పు.

ఇక అసలు విషయం, టైఫన్.

1960ల మొదట్లో అమెరికా నౌకాదళానికి ఒక కల ఉండేది. గిరగిరా తిరిగే యాంటెన్నా అక్కర్లేకుండా, కదలని గోళాకారపు రాడార్‌తో, ఒకేసారి పదుల కొద్దీ లక్ష్యాల్ని చూస్తూ క్షిపణులని నడిపే వ్యవస్థ. ఆ వ్యవస్థ పేరే టైఫన్, రాడార్ పేరు ఎస్‌పీజీ-59. నార్టన్ సౌండ్‌ని 1962లో విధుల్లోంచి తప్పించి, బాల్టిమోర్‌లో ఆ గోపురాన్ని నెత్తిన పెట్టారు. 1964 జూన్ 20న ఓడ మళ్లీ విధుల్లోకి వచ్చేసరికి టైఫన్ పథకమే రద్దయిపోయింది! రాడార్‌లోని వేల భాగాల్లో ఒక్కోదానికీ ఒక్కో ట్రావెలింగ్ వేవ్ ట్యూబు, అంటే సంకేతం బలాన్ని పెంచే గొట్టం, కావాలి. వేల ట్యూబులున్న చోట రోజూ కొన్ని మాడుతూనే ఉంటాయి. వాటికి కరెంటు ఎక్కువ, చల్లబరిచే నీళ్లు ఎక్కువ, బరువేమో అంతా పైన. అయినా ఓడ మీద పరీక్షలు ఆపలేదు, రెండేళ్ల పాటు చేసి 1966లో రాడార్ని విప్పేశారు.

డబ్బు దండగ అనేవాళ్లు ఇక్కడే ఆగి ఆలోచించాలి. ఆ రాడార్ కోసం కొత్త యుద్ధనౌకలు కట్టి ఉంటే? రాడార్ పనికిరాదని తేలేనాటికి, దాని బరువుకీ, కరెంటుకీ తగ్గట్టు గీసి కట్టిన ఓడలు రేవులో పనిలేక నిలబడేవి. ఇక్కడ నష్టం ఒక్క పాత ఓడ నెత్తి మీది గోపురంతో సరిపోయింది. ఆయుధం కొత్తదైనప్పుడు ఓడ పాతది, బాగా తెలిసినది అయి ఉండాలి. రెండూ కొత్తవైతే ఏది చెడిందో తేల్చడానికే ఏళ్లు పడతాయి.

టైఫన్ ఎక్కడ చెడిందో స్పష్టంగా తెలిసింది కాబట్టే తర్వాతి వ్యవస్థ మరోలా పుట్టింది. 1969లో దానికి ఏజిస్ అని పేరు పెట్టారు. దాని ఎస్‌పీవై-1 రాడార్‌లో ఒక్కో భాగానికీ ఒక్కో ట్యూబు లేదు. తక్కువ సంఖ్యలో ఉన్న పెద్ద ఆంప్లిఫయర్ల శక్తిని పంచి, తరంగాల్ని కాస్త ముందూ వెనకా చేసే ఫేజ్ షిఫ్టర్లతో రాడార్ కిరణాన్ని తిప్పుతారు. ఈ పథకాన్ని నడిపిన వేన్ మేయర్ సిబ్బందికి నూరిపోసిన సూత్రం కొంచెం కట్టు, కొంచెం పరీక్షించు, బోలెడు నేర్చుకో అన్నది. ముందు న్యూజెర్సీలోని మూర్స్‌టౌన్‌లో నేల మీద పరీక్షించి, 1974లో నార్టన్ సౌండ్ మీద పెట్టారు. అదీ పనిచేసే ముఖం, అంటే ఒక దిక్కుకి చూసే యాంటెన్నా పలక, ఒక్కటే. నాలుగు దిక్కులకీ నాలుగు ముఖాలు అక్కర్లేదు, ఒక్కటి సముద్రం మీద నిలబడితే మిగతావీ నిలబడతాయి.

తిరగని రాడార్ కోసం ఎందుకింత తాపత్రయం? లెక్క చూడండి. యాంటెన్నా 8 సెకన్లకి ఒకసారి తిరుగుతుందనుకుందాం. ధ్వనికి రెండింతల వేగంతో వచ్చే క్షిపణి ఆ 8 సెకన్లలో సుమారు 5.4 కిలోమీటర్లు వచ్చేస్తుంది. అది ఎటు పోతోందో తేల్చుకోవడానికి మూడుసార్లు చూడాలంటే 11 కిలోమీటర్లు పోయినట్టే. నీటికి 5 మీటర్ల ఎత్తులో వచ్చేది 20 మీటర్ల ఎత్తున్న రాడార్‌కి, భూమి వంపు వల్ల, కనపడడమే 28 కిలోమీటర్ల దగ్గర. మొత్తం చేతిలో ఉన్నది 41 సెకన్లు, అందులో 16 సెకన్లు చూడడానికే సరి.

మరి నేల మీద పరీక్షిస్తే చాలదా అంటారా, చాలదు. నేల ఊగదు. 10 డిగ్రీల చొప్పున అటూ ఇటూ ఒరుగుతూ 12 సెకన్లకి ఒక ఊపు పూర్తిచేసే ఓడ, నిటారుగా వచ్చే క్షణంలో సెకనుకి 5 డిగ్రీల చొప్పున తిరుగుతుంటుంది. ఊపు లెక్క, ఓడ ఎంత ఒరిగిందో కొలిచే జైరో నుంచి రాడార్‌కి 10 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరిందా, 100 కిలోమీటర్ల దూరంలో కిరణం దాదాపు 90 మీటర్లు పక్కకి పడుతుంది. అలల మీంచి తిరిగొచ్చే ప్రతిధ్వనులు, యాంటెన్నా మీద పేరుకునే ఉప్పు, పక్కనున్న రేడియోలతో గొడవలు, ఇవేవీ న్యూజెర్సీ పొలాల్లో దొరకవు.

తర్వాత నిలువు లాంచర్ ఎంకే-41 వంతు, 1980ల మొదట్లో. పాత రెండు చేతుల లాంచర్‌లో చేయి ఇరుక్కుంటే కింద గిడ్డంగిలో ఎన్ని క్షిపణులున్నా వృథా. ఎంకే-41లో ఎనిమిది గదులకి ఒక మాడ్యూల్, నాలుగేసి రెండు వరసలు, మధ్యలో పొగ పైకి పోయే గొట్టం. ఒకటి పనిచేయకపోతే పక్కదాన్ని వదలొచ్చు. అసలు భయం వేరే ఉంది: మోటారు అంటుకుని క్షిపణి గదిలోంచి కదలకపోతే? ఆ మంటంతా కింది పెట్టెలోకే పోతుంది. అందుకే లోపల కాలుతూ వేడిని మింగే పూత, క్షిపణి మీద నీళ్లు కుమ్మరించే ఏర్పాటు కావాలి. అలాంటి లాంచర్ని సిబ్బందితో నిండిన కొత్త క్రూజర్‌లో మొదటిసారి చూసుకోవడం తెలివైన పని కాదు. అంతకుముందే 1968లో, మౌంట్ లోపల మనిషి అక్కర్లేని తేలిక 5 అంగుళాల ఫిరంగికీ ఈ డెక్కే పరీక్షాస్థలం అయింది.

మనవైపు చూస్తే, హైదరాబాద్‌లోని క్షిపణి పరిశోధనశాల డీఆర్‌డీఎల్‌లో పుట్టిన పృథ్వికి నౌకా రూపం ధనుష్. అదీ ద్రవ ఇంధనంతోనే పోతుంది. గస్తీ నౌక ఐఎన్ఎస్ సుభద్ర హెలికాప్టర్ డెక్‌ని మార్చి 2000 ఏప్రిల్ 11న ప్రయోగిస్తే పూర్తి విజయం దక్కలేదు. దాన్ని వదిలెయ్యకుండా సరిదిద్దుకున్నారు. విశాఖలో ఉన్న ఐఎన్ఎస్ రాజ్‌పుత్ మీద రెండు పాత లాంచర్లు తీసేసి బ్రహ్మోస్ పెట్టెలు బిగించారు. 1980లో చేరిన పాత డిస్ట్రాయర్ అది, దాని కదలికలన్నీ తెలిసినవే. కొత్త ఓడలకి బ్రహ్మోస్ ధైర్యంగా పెట్టుకోగలిగామంటే రాజ్‌పుత్ ముందు మోసింది కాబట్టే. 2021 మే 21న విశాఖ డాక్‌యార్డ్‌లో దాన్ని సాగనంపిన రోజు మన తెలుగు టైమ్‌లైన్లలో ఎంతమంది ఈ ముక్క చెప్పారు?

నార్టన్ సౌండ్‌కీ దక్కింది అంతే. అమెరికాలో బ్యాటిల్‌షిప్పులు మ్యూజియాలయ్యాయి, దీన్ని తుక్కుకి పంపారు. ఏజిస్ రాడార్‌తో పాటు ఎంకే-41 లాంచర్లు కూడా ఉన్న తొలి క్రూజర్ బంకర్ హిల్ 1986 సెప్టెంబరు 20న విధుల్లో చేరింది. ఆ రెండిటినీ ముందుగా సముద్రం మీద మోసిన నార్టన్ సౌండ్ 82 రోజుల తర్వాత, డిసెంబరు 11న, జెండా దించేసింది.